ఏడున్నర టన్నుల్లో ఒక ఇల్లు

రెడ్డెప్ప ఫోన్ చేసి, "అన్నా, గ్యారేజీలోకి కొత్తోళ్ళు ముగ్గురొచ్చినారు. పని నేర్పిస్తాండా గానీ, నీ మాదిరి చెప్పేది నాకు రాదు. నువ్వే రాసి పంపు" అన్నాడు. నేను రాస్తే ఎవరు చదువుతారంటే, "చదివించే పూచీ నాది" అన్నాడు. రెడ్డెప్పది వెల్డింగు చేసే చెయ్యి. పట్టుకుంటే వదలదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నా పేరు గంగారాం. మాది మెట్‌పల్లి దగ్గర. కువైట్‌లో, అల్ రాయ్‌లోని ఒక గ్యారేజీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పోయిన ఏడాదే వచ్చేశాను. మొదట లారీ మెకానిక్కుని, తర్వాత ఫోర్‌మన్‌ని. సైన్యం వాడి వదిలేసిన లారీలను వేలంలో పట్టి, వెనక మనుషులు ఉండేలా గది అమర్చి, దేశాలు తిరగాలనుకునేవాళ్ళకు అప్పగించడం మా పని. వీసా ఎలా వచ్చింది, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఎన్నిసార్లు మారింది, ఫోర్‌మన్ కుర్చీ ఎప్పుడు దొరికింది అనేవి రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

ఫర్వానియాలో మేము ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. నా పనేమిటో విని వాళ్ళు నవ్వేవాళ్ళు. "ఇల్లు కట్టుకునే తాకత్ ఉన్నోడు లారీల పండుడేంది గంగారాం?" అని ఆటపట్టించేవాళ్ళు. నాకూ మొదట్లో వింతగానే ఉండేది. మేం సొంత గోడ కోసం సముద్రం దాటి వస్తే, వీళ్ళు గోడలు వదిలేసి చక్రాల మీదికి ఎక్కుతున్నారు. కానీ వాళ్ళతో మాట్లాడుతూ పోతే ఒకటి అర్థమైంది. ఆ లారీ అడిగే ప్రతి మనిషికీ లోపల ఒక కారణం ఉంటుంది. అది తెలుసుకోకుండా స్పానర్ పట్టుకోకూడదు.

లైసెన్సు ముందు, లారీ తర్వాత

లారీ కోసం వచ్చినవాళ్ళు మొదట ఇంజను గురించి అడుగుతారు. తర్వాత టైర్లు. ఎంత లోతు నీళ్ళలో పోతుంది, ఎంత ఇసుకలో దిగబడకుండా ఉంటుంది అంటారు. నేను టీ ఇచ్చి కూర్చోబెట్టి, "ముందు మీ లైసెన్సు చూపించండి" అనేవాణ్ణి. ట్రాఫిక్ పోలీసులా ఏమిటీ ప్రశ్న అని కొందరికి కోపం వచ్చేది.

లైసెన్సు మీద ఉన్న బరువే మన పనికి హద్దు. దేశానికో లెక్క ఉంటుంది. కొన్ని చోట్ల మామూలు కారు లైసెన్సు మూడున్నర టన్నుల దగ్గర ఆగిపోతుంది. ఆ బరువులో నిజమైన సైనిక లారీ దొరకదు, జీపో వ్యానో చూసుకోవాలి. పాత రోజుల్లో లైసెన్సు తీసుకున్న కొందరు ఐరోపావాళ్ళకు ఏడున్నర టన్నుల దాకా నడిపే వీలుంది. అది దాటితే పెద్ద లారీ లైసెన్సు, దానికి మళ్ళీ పరీక్షలు. అరవై దాటినవాళ్ళు అంత తంటా ఎక్కడ పడతారు?

కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకో సంగతి గట్టిగా పట్టుకోవాలి. బండికి రెండు బరువులు ఉంటాయి. ఇంతకు మించి ఉండకూడదని కాగితాల్లో రాసేది ఒకటి. కాంటా మీద నిలబెడితే వచ్చేది రెండోది. మొదటిది లైసెన్సు హద్దులో ఉండాలి, రెండోది మొదటిదాన్ని దాటకూడదు. ఖాళీ బండి తూకం చూసి సంబరపడి, నీళ్ళు, డీజిల్, మనుషులు, బియ్యం, గిన్నెలు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

నేనూ తక్కువవాణ్ణి కాదు. ఫోర్‌మన్ అయిన కొత్తలో ఒక కువైటీ పెద్దమనిషి వచ్చి ఆరు చక్రాల లారీ కావాలన్నాడు. చూస్తే ఏనుగులా ఉంది. నాకూ తెగ నచ్చింది. ఖాళీగానే తొమ్మిది టన్నులు. రెండు నెలలు కష్టపడి వెనక గది కట్టాం, గోడలకు చెక్క వేశాం, పడక వేశాం. తాళాలు ఇచ్చే రోజున తెలిసింది, ఆయనకున్నది కారు లైసెన్సు ఒక్కటేనని. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ లారీ ఇప్పుడు వఫ్రాలో వాళ్ళ తోటలో ఉంది. దాన్నిండా పావురాలు.

మా యజమాని అబూ ఫహద్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పెద్దగా చదువుకోలేదు గానీ, లారీ ఇంజను ఒక్క నిమిషం వింటే దాని జాతకం చెప్పేసేవాడు. మాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేవాడు. ఒక శుక్రవారం నన్ను వఫ్రా తీసుకెళ్ళి ఆ లారీ ముందు నిలబెట్టి, "షూఫ్, చూడు గంగారాం, ఇంత గట్టి పావురాల గూడు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు" అన్నాడు. తిట్టి ఉంటే ఆ సాయంత్రానికే మరిచిపోయేవాణ్ణి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఇలా నవ్వుతూ నేర్చుకున్నదే.

మార్తా మేడమ్ అడిగిన బండి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా సర్వీసులో అందరికన్నా ఎక్కువ ఇష్టంగా చేసిన బండి, అందరికన్నా ఎక్కువ సిగ్గుపడిన బండి ఒకటే.

మార్తా మేడమ్ జర్మనీ ఆవిడ. కువైట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేసింది. మా గ్యారేజీలో సగం నడుములు ఆమె చేతుల్లో బాగుపడ్డవే. నా నడుము పట్టేసి బూటు లేసు కూడా కట్టుకోలేని రోజుల్లో, నన్ను తిట్టి, బతిమాలి, వ్యాయామం చేయించి మనిషిని చేసింది. రెడ్డెప్పకు తల పైకెత్తి వెల్డింగు చేసి చేసి కుడి భుజం బిగుసుకుపోయింది. అన్నమయ్య జిల్లా రాయచోటి నుంచి వచ్చిన ఈ మనిషికి ఆ భుజమే బతుకు. సెలవు పెట్టి ఊరికి పోదామని సర్దుకుంటుంటే ఆమె ఆపింది. నాలుగు నెలల్లో చెయ్యి పైకి లేచింది. అప్పటి నుంచి ఆమె పేరు ఎత్తితే వాడు కూర్చున్నవాడు లేచి నిలబడతాడు.

ఆమె భర్త పీటర్ గారు చమురు కంపెనీలో భూగర్భ శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యారు. ఆయనకు చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. అప్పటికే గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడేది. ఇంకో ఏడాది ఉండవచ్చు, రెండేళ్ళు ఉండవచ్చు, ఆ తర్వాత ఏమీ చెప్పలేమని డాక్టర్లు అన్నారట. మొదటి రోజు గ్యారేజీలో కూర్చుని ఆయన నాతో అన్న మాట ఇది. "గంగారాం, ముప్పై ఏళ్ళు భూమి లోపల ఏముందో చూశాను. పైన ఏముందో చూడనే లేదు."

అందుకే మేడమ్ ఉద్యోగం మానేసి, ఆయన్ను రోడ్డు మీద ఇంటికి తీసుకెళ్ళాలనుకుంది. సౌదీ, జోర్డాన్, ఆ తర్వాత పరిస్థితిని బట్టి ఓడలోనో రోడ్డు మీదో టర్కీ, అక్కణ్ణుంచి వాళ్ళ ఊరు. కొండ కనబడిన చోటల్లా ఆగుతూ పోవాలి. ఆయన ఎప్పుడో లైసెన్సు వదిలేశారు, నడపాల్సింది ఆమె ఒక్కతే. ఆమె లైసెన్సు హద్దు ఏడున్నర టన్నులు. మార్చి చివర ఆమె ఇఖామా అయిపోతుంది, దాని వెనకే ఎండలు. బండి హద్దు దాటితే ప్రయాణం లేదు, విమానం ఎక్కాల్సిందే. వచ్చే ఏడాది చూద్దాం అనడానికి ఆయన కళ్ళు ఆగవు.

వేలం మైదానంలో రెండు లారీలు తేలాయి. మొదటిది చూడముచ్చటగా ఉంది. కొత్త టైర్లు, ముందు తాడు చుట్టుకునే విన్చి, తుప్పు లేని తలుపులు. ఖాళీ బరువు ఆరు టన్నుల నాలుగు వందలు, కంపెనీ బిళ్ళ మీద రాసిన హద్దు పది టన్నులు. రెండోది రంగు ఊడి, సీట్లు చిరిగి, చూడగానే జాలి వేసేలా ఉంది. దాని బిళ్ళ మీద హద్దు సరిగ్గా ఏడున్నర. ఖాళీగా నాలుగు టన్నుల ఎనిమిది వందలు.

నా మనసు మొదటిదాని మీదే. కాగితాల్లో పది టన్నులను ఏడున్నరగా తగ్గించి రాయించుకోవచ్చని, కొన్ని దేశాల్లో అలా చేస్తారని వాదించాను. అబూ ఫహద్ సిగరెట్ ఆర్పి, "కాగితం మీద తగ్గిస్తావు, సరే. ఇనుము తగ్గుతుందా?" అని అడిగాడు. లెక్క వేస్తే మిగిలేది పదకొండు వందల కిలోలు. గది, పడక, నీళ్ళు, డీజిల్, ఇద్దరు మనుషులు అన్నీ అందులోనే సర్దాలి. గది గోడలకే అది సరిపోదు.

మేం ఇలా వాదించుకుంటుంటే పీటర్ గారు రెండు లారీల దగ్గరికీ వెళ్ళి తలుపు కింద మెట్టును కాలితో వెతుక్కున్నారు. మొదటి లారీ మెట్టు ఆయన నడుము ఎత్తులో ఉంది. రెండోదాని మెట్టు మోకాలి ఎత్తులో తగిలింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుని, లోపలి నుంచి హారన్ కొట్టారు. మేడమ్ నవ్వి, "ఇదే" అంది.

బండిని ఎంచడంలో నా అనుభవం ఇంతే. ముందు బిళ్ళ చదవండి, రంగు చివర చూడండి. కింద పడుకుని క్యాబిన్ కూర్చునే చోట తుప్పు గీకి చూడండి. టైరు మీద అరుగుదల కాదు, అది తయారైన ఏడాది చూడండి. ఎండలో ఊరికే నిలబడిన టైరు నడవకుండానే ముసలిదవుతుంది. ఇంజను ఆపి బ్రేకు గాలి ఎక్కడ బుస్సుమంటుందో చెవి పెట్టి వినండి. ఎలక్ట్రానిక్ డబ్బాలు లేని పాత ఇంజను మంచిది, దారిలో ఏ ఊరి మెకానిక్కైనా దాని భాష అర్థం చేసుకుంటాడు. అన్నిటికన్నా ముందు, ఆ బండి ఎక్కేవాళ్ళను ఒకసారి ఎక్కించి చూడండి.

హదియా

మా గ్యారేజీలో ఒక ఆచారం ఉండేది. అరబ్బీలో హదియా అంటే కానుక. దూరం పోయే బండికి పనివాళ్ళందరూ తలా ఒకటి తమ చేత్తో పెట్టేవాళ్ళు. అడిగినదానికి పైన పెట్టేది, ఎవరికీ చెప్పకుండా పెట్టేది. ఒకడు కత్తి తగిలించుకునే కొక్కెం పెడితే, ఇంకొకడు టీ గ్లాసులు కదలకుండా చిన్న చెక్క అర చేసేవాడు. కొన్నవాళ్ళు ఎక్కడో ఎడారిలో బండి ఆపినప్పుడు అది కంటబడి మమ్మల్ని తలుచుకోవాలన్నది మా ఆశ. కానుక కాబట్టి, బండికి ఏమేం బిగించామో లెక్క ఉండే జాబ్ కార్డులో రాయం. ఈ ఆచారం మొదలుపెట్టింది నేనే. దాని గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మార్తా మేడమ్ బండికి జాబ్ కార్డు నేనే రాశాను. ప్రతి పలక, ప్రతి బోల్టు బరువు చూసి, రెండు వందల లీటర్ల నీళ్ళు, నిండా డీజిల్, ఇద్దరు మనుషులు, వాళ్ళ సామాను అన్నీ కలిపితే ఏడు వేల మూడు వందల తొంభై కిలోలు వచ్చింది. ఇంకా నూట పది మిగులు. ఆ కార్డును ఆఫీసు గోడకు అంటించి, వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చూపించాను. మూడు నెలల్లో ఆ చిరిగిన లారీ పెళ్ళికూతురిలా తయారైంది.

కాంటా మీద పెడదామని మేడమ్ అడిగితే, "నా లెక్క తప్పదు మేడమ్. ఇన్నేళ్ళ కన్ను" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "నా దగ్గరికి వచ్చే ప్రతివాడూ తాను తేలికే అంటాడు గంగారాం. నేను మాత్రం తూకం మిషను ఎక్కమంటాను" అంది. బయలుదేరడానికి ఇంకా పది రోజులుంది. సరే పదండి అని అమ్ఘరాలో పాత ఇనుము యార్డు పక్కనున్న లారీల కాంటాకు తీసుకెళ్ళాను. నీళ్ళు, డీజిల్ నింపి, సామాను ఎక్కించి, ఇద్దరినీ కూర్చోబెట్టాం. రెడ్డెప్ప కూడా వచ్చాడు.

అద్దం వెనక ఎర్ర అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. ఏడు వేల తొమ్మిది వందల ముప్పై.

కాంటా పాడైందనుకున్నాను. దింపి మళ్ళీ ఎక్కించాం, అదే అంకె. హద్దుకు నాలుగు వందల ముప్పై కిలోలు ఎక్కువ. మేడమ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పీటర్ గారు, "ఎంత వచ్చింది?" అని అడిగారు.

రెడ్డెప్ప తల దించుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూడగానే నాకు అర్థమైంది.

"ఏం పెట్టినవ్‌రా?" అన్నాను.

"కింద ప్లైవుడ్డు తీసేసి ఇనుప చెకర్డ్ ప్లేటు ఏసినాన్నా. నాలుగు ఎమ్మెమ్ముది. ఎనకాల బంపరు కూడా చానల్ ఇనుముతో చేసినా."

"నాకు ఒక్క మాట చెప్పకుంటనా?"

"హదియా చెప్పి ఇచ్చేదేనా అన్నా? ఆయమ్మ నా చెయ్యి నిలబెట్టిండాది. ఉత్త చెక్క మింద నిలబడి వంట చేసుకోమని ఎట్ల పంపేది? తడిసి కుళ్ళిపోతే?"

గ్యారేజీకి వచ్చి ఒక్కొక్కరినీ అడిగాను. టైర్ల పని చేసే పెషావరీ రెండో స్పేరు చక్రం, దానికో ఇనుప స్టాండు బిగించాడు. ఎలక్ట్రీషియన్ మలయాళీ రెండు బ్యాటరీలు ఎక్కువ పెట్టాడు. అబూ ఫహద్ పడక కింద జనరేటరు, దాని మీద మడతపెట్టి ఉన్ని తివాచీలు, ఇత్తడి కాఫీ సెట్టు పెట్టాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పాపం కాదు, ప్రేమ. కాంటాకు మాత్రం రెండూ ఒకటే.

తీయడం

ఆ రోజు అందరినీ నిలబెట్టి గట్టిగా మాట్లాడాను. "ఆమె నడపకపోతే ఎవరు నడుపుతరు? పీటర్ సారు కండ్లు పోయినంక పోతే ఏం చూస్తడు? ఎవ్వరు పెట్టింది వాళ్ళు తియ్యుండ్రి" అన్నాను.

వెల్డింగు చేసినదాన్ని కోయడం రెడ్డెప్పకు చిన్న పనే. కానీ ఆ ప్లేటు కోస్తూ వాడు రెండుసార్లు బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. "దుమ్మన్నా" అన్నాడు. నేను నమ్మినట్టే ఊరుకున్నాను.

అబూ ఫహద్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకోవడం వాళ్ళలో చాలా తప్పు. "ఐబ్, సిగ్గుచేటు గంగారాం. మా యసీర్, కుదరదు. నా చేత్తో ఇచ్చింది నా చేత్తో ఎలా తీస్తాను?" అని కుర్చీలోంచి లేవలేదు. మేడమ్‌కు మొహం చూపించలేక రెండు రోజులు గ్యారేజీకే రాలేదు. మూడో రోజు వచ్చి ఆమెతో, "ఆ తివాచీలు మీవే. నా దీవానియాలో, వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో పరుస్తున్నాను. మీ సొత్తు మీద నేనూ నా స్నేహితులూ కూర్చుంటాం. ఎప్పుడు వచ్చినా మీ చోటు మీకే" అన్నాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది. అంత మర్యాదగా కానుక వెనక్కి తీసుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ప్లేటు, బంపరు, చక్రం, బ్యాటరీలు, జనరేటరు, తివాచీలు, కాఫీ సెట్టు అన్నీ తీశాం. మళ్ళీ ప్లైవుడ్డు పరిచాం. ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుందనగా మళ్ళీ అమ్ఘరా వెళ్ళాం. ఈసారి అబూ ఫహద్ కూడా తన కారులో వెనక వచ్చాడు.

ఏడు వేల ఐదు వందల యాభై.

ఇంకా యాభై కిలోలు ఎక్కువ. ఏం తీయాలో ఎవరికీ తోచలేదు. మేడమ్ తన పుస్తకాల పెట్టె దింపేస్తానంది. రెడ్డెప్ప కమాన్ కట్టల్లో ఒక ఆకు తీయవచ్చా అని అడిగాడు. కమాన్ కట్టలంటే బండి బరువు మోసే ఇనుప పట్టీలు, వాటి జోలికి పోవద్దన్నాను. ఇలా మాట్లాడుకుంటుంటే క్యాబిన్ తలుపు చప్పుడైంది.

పీటర్ గారు కాలితో మెట్టు వెతుక్కుని కిందికి దిగారు. గోడ తగిలేదాకా నడిచి, దానికి ఆనుకుని నిలబడ్డారు. అద్దం వెనక అంకెలు తగ్గి ఏడు వేల నాలుగు వందల డెబ్బై దగ్గర ఆగాయి.

"ఇప్పుడు ఎంత?" అని అడిగారు.

అంకె చెప్పాను.

"ఖలాస్. సరిపోయింది కదా" అన్నారాయన. సరదాకే అన్నారు. కాంటా దగ్గరివాళ్ళు నవ్వారు, అబూ ఫహద్ కూడా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. ఆమె బండి దిగి నా దగ్గరికి వచ్చింది.

"గంగారాం, నీళ్ళ ట్యాంకు ఎంత?"

నేను బండి కిందికి చూశాను.

"నేను రెండు వందల లీటర్లు అడిగాను."

"మూడు వందలు మేడమ్" అన్నాను. "స్టీలుది."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అయింది నా పని. అందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే. రెడ్డెప్ప చేత కన్నీళ్ళతో ప్లేటు కోయించినవాణ్ణి నేనే. నా కానుక మాత్రం కానుక కాదనుకున్నాను. ఎడారి దారిలో నీళ్ళు ఎక్కువ ఉంటే మంచిదే కదా, ఇది అవసరం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కార్డులో ప్లాస్టిక్ ట్యాంకు, రెండు వందల లీటర్లు అని నా చేత్తోనే రాసి, నేనే స్టీలుది చేయించి బిగించాను. వంద లీటర్ల నీళ్ళు, అరవై కిలోల ఉక్కు. మొదటి రోజు కాంటా మీద కూడా అది గుర్తుకు రాలేదంటే నమ్ముతారా? వచ్చింది. నోరు విప్పలేదు.

నా ట్యాంకు లారీలో ఉంది. ఎవరి కోసం ఈ లారీ చేశామో ఆ మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను పెట్టిన ప్రేమ ఆయన్ను సీట్లోంచి దింపేసింది.

నేను బండి కిందికి దూరాను. రెడ్డెప్ప, "అన్నా, నడుము. నేను పోతా" అన్నాడు. వద్దన్నాను. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి పడుకునే ఉన్నాను. నీళ్ళు ధారగా పడి అమ్ఘరా మట్టిలోకి పారాయి, నా చొక్కా తడిసింది. పక్కనున్న గేజీలో మట్టం రెండు వందలకు దిగిన తర్వాత కుళాయి కట్టి బయటికి వచ్చాను. పీటర్ గారి దగ్గరికి వెళ్ళి, "ఎక్కండి సార్" అన్నాను. ఆయన నా తడి భుజం మీద చెయ్యి వేసి నడిచి, మెట్టు దగ్గర చెయ్యి తీసేసి తానే ఎక్కారు. మేడమ్ కూడా ఎక్కింది.

ఏడు వేల నాలుగు వందల యాభై. ఇద్దరూ లోపలే ఉన్నారు.

మర్నాడు స్టీలు ట్యాంకు తీసి ప్లాస్టిక్‌ది పెట్టాం. మళ్ళీ కాంటాకు పోయాం, ఎవరూ వద్దనలేదు. ఏడు వేల మూడు వందల తొంభై. గోడకు అంటించిన కార్డులో ఉన్న అంకె అదే. నా లెక్క తప్పలేదు, తప్పింది నేను. అందరి ముందు ఆ మాట చెప్పాను. రెడ్డెప్ప, "పోనీలేన్నా, నీ ట్యాంకు బాగుండాది. మన ఫర్వానియా రూముకు పనికొస్తాది" అన్నాడు. ఎగతాళో ఓదార్పో ఇప్పటికీ తెలియదు.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు నేను చెప్పగలిగేది ఇదే. కానుకలు మానేయమని చెప్పను. మన పనిలో ఆ ఇష్టం లేకపోతే ఇనుము కోయడం తప్ప ఇంకేముంది? కానీ పెట్టింది ఏదైనా కార్డులో రాయండి. మనుషులను కూర్చోబెట్టాకే తూకం వేయండి. తగ్గించాల్సి వచ్చిన రోజున ముందు మీరు పెట్టినదాని దగ్గరికి వెళ్ళండి. ఫోర్‌మన్ అయితే మరీ ముందు వెళ్ళాలి.

వాళ్ళు అనుకున్న రోజునే బయలుదేరారు. మేడమ్ స్టీరింగు దగ్గర దిండు వేసుకుని, నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. అబూ ఫహద్ గేటు దాకా నడిచి వెళ్ళి సాగనంపాడు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ, నా ఫోన్‌కు పీటర్ గారి వాయిస్ మెసేజ్ వచ్చింది. జోర్డాన్‌లో ఎక్కడో ఆగినట్టున్నారు, వెనక గాలి చప్పుడు. "గంగారాం, మా ఎదురుగా ఒక కొండ ఉంది. కింద ఎరుపు, మధ్యలో తెల్లటి చార, పైన మళ్ళీ ఎరుపు. పొద్దుటి నుంచి దీని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మార్తా వంట చేస్తోంది. నాకు కనబడుతోంది గంగారాం. మొత్తం కనబడుతోంది."

అన్నం ముందు పెట్టుకుని అందరం విన్నాం. రెడ్డెప్ప ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని, ఆ మెసేజ్ ఇంకోసారి పెట్టమన్నాడు.